నాణెములను చదివిన ఎలియట్ దొర

పల్నాటి సీమలో నల్లరేగడి పొలములు మెండు. పిడుగురాళ్ల మొదలుకొని గురజాల, మాచర్లల వఱకు ప్రత్తియు మిరపయు పండు ఈ నేలలో తొలకరి వాన కురిసి పదునైన పిమ్మట రైతు నాగలి పూన్చును. ఒక్కొక్కప్పుడు నాగటిచాలున మట్టిపెల్లతోపాటు ఒక చిన్న బిళ్ల బయటపడును. మసిబాఱినట్లు నల్లనైన ఆ బిళ్లను రాచి చూచినచో అది వెండియని తెలియును. దానిపై ఏదియో గుర్తు, ఎవరిదియో ముఖము, అస్పష్టముగా నగుపడును. పూర్వము అట్టి బిళ్ల దొరికినవారు దానిని కంసాలి యొద్దకు కొనిపోవుట వాడుక. కంసాలి దానిని తూచి, వెలగట్టి, మూసలో వేసి కరగించును. రెండువేల యేండ్లు భూగర్భమున చెక్కుచెదరక నిలిచిన సాక్షి యొక గడియలో నశించును. దాని వెండికి వచ్చిన వెల స్వల్పము; దానితో పోయిన విషయము వెలకు దొరకునది కాదు.

అట్టి సాక్షులను మూసనుండి తప్పించి, వాని చరిత్రను ఓపికతో తెలిసికొనినవారిలో సర్ వాల్టరు ఎలియట్ ముఖ్యుడు. ఆయన పరదేశి. ఈస్టిండియా కంపెనీ కొలువునకై వచ్చిన ఉద్యోగి. ఐనను, గుంటూరున తొమ్మిదేండ్లు అధికారము నెఱపి, ఆ మండలపు కష్టసుఖములతోపాటు దాని మట్టిలో దాగియున్న ప్రాచీన చరిత్రను గూడ తెలిసికొనగోరినవాడు. దక్షిణదేశపు నాణెములను గూర్చి ఆయన రచించిన గ్రంథము ఈ శాస్త్రమునకు పునాదిరాళ్లలో నొకటి.

ఎలియట్ పుట్టుకకు పూర్వమే మన దేశమున జరిగిన సంఘటన నొకదానిని ముందుగా చెప్పవలెను. 1786వ సంవత్సర ప్రాంతమున నెల్లూరు సమీపమున ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలి యొక ఇటుక కట్టుబడికి తగిలి ఆగిపోయెను. అతడు త్రవ్వి చూడగా ఒక చిన్న గుడి శిథిలములును, వాని క్రింద నొక కుండయు కనబడెను. కుండలో బంగారు నాణెములుండెను. అవి మన రాజులవి కావు. సముద్రముల కావల నేలిన రోమక చక్రవర్తులు ట్రాజను, హేడ్రియను మొదలగువారి కాలమునాటివి. రైతునకు అవి వట్టి బంగారము. ఆ ధరకే అతడు అమ్మివైచెను. వానిలో పెక్కు కరగిపోయెను. ఆర్కాటు నవాబు కుమారుడగు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా నాణెములను సంపాదించుటచే అవి మాత్రము దక్కెను. ఆ కుండలో మొత్తము ఎన్ని నాణెములుండెనో, వానిలో కడపటి చక్రవర్తి ఎవ్వడో ఇక తెలియు మార్గము లేదు. కుండలోని నాణెములలో మిక్కిలి క్రొత్తదానినిబట్టియే ఆ ధనము ఏ కాలమున పాతిపెట్టబడినదో నిర్ణయింపవచ్చును. ఆ యొక్క నాణెమే కరగిపోయినచో కుండ కథ అంతయు మూగవోవును.

ఈ సంఘటన జరిగిన సుమారు పదునేడేండ్లకు, 1803వ సంవత్సరము జనవరి 16వ తేదీన, స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున వాల్టరు ఎలియట్ జన్మించెను. ఆయన తండ్రి జేమ్సు ఎలియట్. ఆ దేశపు దక్షిణభాగమున వుల్ఫెలీ యను ఎస్టేటు వారి వంశమునకు చెందియుండెను. ఆ కాలమున కంపెనీ వారి సివిలు ఉద్యోగములలో చేరగోరు యువకులు ఇంగ్లండునందలి హెయిలీబరీ కళాశాలలో చదువవలసియుండెను. ఎలియట్ అచట శ్రద్ధతో చదివి మన్ననలనందెను. తరువాత సముద్రయానము చేసి 1821వ సంవత్సరమున చెన్నపట్టణమునకు వచ్చెను. అప్పటి కాయన వయస్సు పదునెనిమిదేండ్లు మాత్రమే.

చెన్నపట్టణమున సెంటుజార్జి కోటకు చెందిన కళాశాలయందు క్రొత్తగా వచ్చిన ఉద్యోగులకు దేశభాషలు నేర్పుచుండిరి. ప్రజల భాష రాని అధికారి దుబాసీ చేతిలో కీలుబొమ్మయగునని పెద్దలెఱుగుదురు. ఎలియట్ తమిళమును, హిందూస్థానీని పట్టుదలతో నేర్చి, ఆ పరీక్షయందు వేయి వరహాలు బహుమానముగా పొందెను. వరహా యనునది ఆ నాడు దక్షిణదేశమున చెల్లుచుండిన బంగారు నాణెము. ఆ నాణెమునకు ఆ పేరేల వచ్చెనో తెలిపెడి ప్రాచీన నాణెములనే ఆయన ముందునకు పరిశీలింపవలసి వచ్చెను.

కొంతకాలము సేలము మండలమున పనిచేసిన పిమ్మట ఎలియట్ ధార్వాడ ప్రాంతమునకు సహాయోద్యోగిగా పోయెను. అచట ఆయనకు ప్రాణగండ మొకటి సంభవించెను. కిత్తూరు సంస్థానమునకు వారసత్వము లేదని కంపెనీవారు దానిని కాజేయబోగా రాణి చెన్నమ్మ ఎదిరించెను. 1824వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన కిత్తూరు కోటయొద్ద జరిగిన పోరున కలెక్టరు థాకరే హతుడయ్యెను. ఎలియట్, స్టీవెన్సన్ అను ఇరువురు సహాయోద్యోగులు రాణి సైన్యమునకు చిక్కి బందీలైరి. కొన్ని వారములు కోటలో నిర్బంధమున నుండిన పిదప వారు విడుదల పొందిరి. అట్టి అనుభవము కలిగినవారు ఆ దేశముపై ద్వేషము పెంచుకొనుట సహజము. కాని ఎలియట్ ఆ ప్రాంతమునే మఱి తొమ్మిదేండ్లు ఉండి, దాని పూర్వచరిత్రను శోధింప నారంభించెను.

ఆ ప్రాంతమున పాడుపడిన దేవాలయములు, వాని ముంగిళ్లలో శిలాశాసనములు విస్తారముగా నుండెను. ఊరివారికి ఆ లిపి రాదు. ఎలియట్ పండితుల సాయమున వానికి ప్రతులు వ్రాయింపసాగెను. తీరికవేళల చేసిన ఈ పని యేండ్ల తరబడి సాగగా దాదాపు ఆఱువందల శాసనముల ప్రతులు చేకూరెను. వానినిబట్టి ఆయన రచించిన వ్యాసమును లండనునందలి రాయల్ ఏషియాటిక్ సంఘమువారు 1837వ సంవత్సరమున తమ పత్రికలో ప్రకటించిరి. చాళుక్యరాజుల వంశక్రమమును శాసనముల ఆధారమున తీర్చిన తొలి ప్రయత్నములలో అది యొకటి. రాజుల కథలను కట్టుకథలనుండి వేఱుచేయుటకు రాతిపై చెక్కిన మాటయు, లోహముపై అద్దిన ముద్రయు ఆధారములని ఆయన అప్పుడే గ్రహించెను.

1833వ సంవత్సరమున ఎలియట్ సెలవుపై స్వదేశమునకు పోయి, 1836లో తిరిగివచ్చెను. అప్పుడు ఆయన బంధువగు ఎల్ఫిన్‌స్టన్ ప్రభువు చెన్నపట్టణమునకు గవర్నరుగా నియమితుడయ్యెను. ఎలియట్ ఆయనకు ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసెను. 1839లో మేరియా డొరొతియా హంటర్ బ్లెయిర్ అను కన్యను పెండ్లాడెను. పిదప రెవిన్యూ బోర్డునందు సభ్యత్వము లభించెను. పెద్దపదవులు వచ్చుచున్నకొలది పూర్వపు అభిరుచులు మఱచువారు పెక్కుమంది. ఎలియట్ అట్లు మఱవలేదు.

ఇంతలో గుంటూరు మండలము దుర్దశ పాలయ్యెను. నందన నామ సంవత్సరమున, అనగా 1832, 1833 సంవత్సరములందు, వానలు లేక భయంకరమైన కఱవు వచ్చెను. తిండిలేక లక్షకు మించిన జనము మడిసిరి. ఊళ్లకు ఊళ్లు పాడువడెను. కఱవు గడచిన పిమ్మటను మండలము కోలుకొనలేదు. జమీందారులు శిస్తులు చెల్లింపలేక అప్పులలో మునిగిరి. కచేరీ ఉద్యోగులు కొందఱు దొంగలెక్కలు వ్రాసి రైతు రక్తమును పీల్చుచుండిరి. సర్కారునకు రావలసిన సొమ్ము రాకుండెను. కారణము కనుగొనుమని 1845వ సంవత్సరమున ప్రభుత్వము ఎలియట్‌ను గుంటూరునకు పంపెను.

ఆయన కచేరీలోని లెక్కలను పరిశోధించి, మండలపు దుస్థితికి కారణములను వివరించుచు నివేదిక వ్రాసెను. జమీందారుల దుబారాయు, ఉద్యోగుల మోసమును అందు బయటపెట్టెను. మండలమంతయు క్రొత్తగా సర్వే చేయించి, భూమి సారమును బట్టి శిస్తు నిర్ణయింపవలెననియు, బాకీపడిన జమీందారీలను సర్కారు వశపఱచుకొనవలెననియు సూచించెను. ప్రభుత్వ మా సూచనల నంగీకరించి, ఉత్తర సర్కారుల కన్నిటికిని ఆయననే కమీషనరుగా నియమించెను. 1854వ సంవత్సరము వఱకు ఆయన ఆ పదవియందుండెను.

గుంటూరునకు వచ్చిన సంవత్సరముననే ఆయన దృష్టి అమరావతిపై పడెను. కృష్ణాతీరమున ధరణికోట ప్రక్కనున్న అమరావతియందు ఒక పెద్ద దిబ్బ యుండెను. ఊరివారు దానిని దీపాలదిన్నె యనుచుండిరి. సుమారు 1796 ప్రాంతమున రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో నగరు కట్టించునపుడు ఇటుకలకును, రాళ్లకును ఆ దిబ్బను త్రవ్వించెను. దిబ్బ నడుమ నిక్షేపమున్నదను ఆశయు తోడయ్యెను. నిక్షేపము దొరకలేదు. చెక్కడపు పలకలు మాత్రము లెక్కకు మిక్కిలిగా బయటపడి గోడలకును, మెట్లకును పోయెను. మెకంజీ యను సర్వే అధికారి ఆ వార్త విని 1797 ప్రాంతమున వచ్చి చూచెను. 1816లో మరల వచ్చి మిగిలిన శిల్పములకు చిత్రములు వ్రాయించెను. అప్పటికే దిబ్బ నడిభాగము పెద్ద గుంటయై, చెఱువుగా మాఱియుండెను. అదియే ప్రాచీన బౌద్ధ మహాస్తూపము. ఆంధ్రశిల్పుల కీర్తిని చాటవలసిన కట్టడము నిక్షేపాశకును, ఇటుకల అక్కఱకును బలియయ్యెను.

1845లో ఎలియట్ ఆ దిబ్బలో మిగిలిన భాగమును త్రవ్వించి, పెక్కు శిల్పములను వెలికి తీయించి చెన్నపట్టణమునకు పంపించెను. ఆ పని మెచ్చదగినదే. ఐనను అందొక లోపము కలదు. త్రవ్వకము జరిగిన చోటి పటమును గాని, ఏ పలక యెచట ఏ వైపునకు నిలిచియుండెనో తెలుపు పట్టికను గాని ఆయన ప్రకటింపలేదు. ఆ శిల్పములు చెన్నపట్టణమున చాలకాలము ఎండకును, వానకును ఆరుబయట పడియుండెను. 1859వ సంవత్సరమున వానిలో పెక్కింటిని లండనునకు ఓడపై పంపిరి. అచట ఫైఫ్ హౌస్ అను భవనమున ఎవ్వరికిని పట్టక మూలబడియుండగా 1867 ప్రాంతమున ఫెర్గూసను అను శిల్పచరిత్రకారుడు వానిని గుర్తించి లోకమునకు చూపెను. అవి యిప్పుడు బ్రిటిషు మ్యూజియమునందు కలవు. ఎలియట్ పేరుననే ఆ రాళ్లు చిరకాలము పిలువబడెను. రాళ్లు నిలిచెను, కాని ఏ రాయి స్తూపమున ఎచట నుండినదో తేల్చుట తరువాతి పండితులకు నేటికిని చిక్కుముడియై యున్నది. వస్తువును కాపాడుట యొక యెత్తు. వస్తువు దొరికిన చోటును కాపాడుట మఱియొక యెత్తు. అమరావతి మనకు నేర్పిన పాఠమిదియే.

నాణెముల విషయమున ఎలియట్ యెడతెగని శ్రద్ధ చూపెను. ఆ నాడు పాతనాణెములు దొరకుచోట్లు అంగడివీథులు, షరాబుల పెట్టెలు, కంసాలుల కొలుములు. సముద్రతీరపు పాడుదిబ్బలపై గాలివానకు ఇసుక కొట్టుకొనిపోయినపుడు పల్లెజనులు చిన్న చిన్న బిళ్లల నేరుకొనుచుండిరి. పొలములలోను, పాతగోడల క్రిందను దొరికినవి కొన్ని. ఎలియట్ అట్టివానిని సేకరించి, సీసపు బిళ్లనైనను, అరిగిపోయిన రాగి బిళ్లనైనను విలువలేనిదని త్రోసివేయక పరిశీలించెను. బంగారము ఎల్లవారును దాచుకొందురు. సీసమును ఎవ్వరు దాతురు? చరిత్రకు మాత్రము రెండును సమానమే.

నాణెమును చదువుట యెట్లు? మొదట లోహము చూడవలెను. పిమ్మట తూచవలెను. తరువాత గుర్తులను, లిపిని పరికింపవలెను. తుదకు అది యెచట, ఏ వస్తువుల నడుమ దొరికినదో విచారింపవలెను. మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన నాణెములు వెండివి. వెండిని రేకుగా సాగగొట్టి, ముక్కలుగా కత్తిరించి, తూనికకు మించిన మూలను కోసివేసి, సరియైన బరువునకు తెచ్చుచుండిరి. ఆపై సూర్యుడు, చక్రము, వృక్షము, ఏనుగు మొదలగు చిహ్నములను వేఱువేఱు ముద్రలతో గ్రుద్దుచుండిరి. ఇట్టి నాణెమునకు కార్షాపణమని పేరు. ముప్పదిరెండు గురివింద గింజల యెత్తు దానికి ప్రమాణము. అనగా సుమారు మూడున్నర గ్రాములు. వానిపై రాజు పేరు లేదు, అక్షరము లేదు. ఐనను బరువును, చిహ్నములను పోల్చి ఇవి యొకే ఏర్పాటునకు చెందినవని పండితులు కనుగొనగలిగిరి. కోసిన మూలయే ఆ నాటి వర్తకుడు తూనికయందు ఎంత ఖచ్చితముగా నుండెనో చెప్పును.

తరువాతి కాలమున ఆంధ్రదేశము నేలిన శాతవాహనులు సీసముతోను, రాగితోను, వెండితోను నాణెములు వేయించిరి. కృష్ణా గోదావరీ మండలములందు వారి సీసపు నాణెములు విరివిగా దొరకును. తీరప్రాంతమున దొరికిన కొన్నింటిపై రెండు తెరచాపకొయ్యలు గల ఓడ బొమ్మ కలదు. ఎలియట్ తన గ్రంథమున ఇట్టి ఓడనాణెములను చిత్రములతో చూపెను. ఓడను నాణెముపై ముద్రించిన రాజ్యమునకు సముద్రవ్యాపారము ఎంత ముఖ్యమో వేఱుగ చెప్పనక్కఱ లేదు. శాతవాహనుల వెండినాణెములు మఱింత వింతయైనవి. వానిపై రాజు ముఖము అచ్చుగ్రుద్దినట్లుండును. ఒకవైపు ప్రాకృతభాషలోను, రెండవవైపు దక్షిణదేశపు భాషలోను రాజు పేరు వ్రాయబడియుండును. ఏలువాని భాష యొకటి, జనుల భాష యొకటి యైనపుడు రెంటికిని చోటొసగిన ఆ వెండిబిళ్ల ఒక రాజశాసనముతో సమానము.

చాళుక్యుల చిహ్నము వరాహము. వారి బంగారు నాణెములపై పందిబొమ్మ ముద్రింపబడెను. ఆ బొమ్మను బట్టియే బంగారు నాణెమునకు వరహా యను పేరు వచ్చెను. చాళుక్యులు పోయిరి, వారి తరువాత ఎన్నియో వంశములు ఏలి పోయినవి, నాణెములపై వరాహము పోయి దేవతల బొమ్మలు వచ్చెను. పేరు మాత్రము వరహాగానే నిలిచెను. చెన్నపట్టణమున బాలుడగు ఎలియట్ వేయి వరహాలు బహుమానమందినపుడు, ఆ పేరుననే ఎనిమిది తొమ్మిదివందల యేండ్ల చరిత్ర యిమిడియుండెను.

ఈ పరిశోధనల ఫలితములను ఎలియట్ 1857, 1858 సంవత్సరములందు చెన్నపట్టణపు సాహిత్య విజ్ఞాన పత్రికలో వ్యాసములుగా ప్రకటించెను. అప్పటి కాయన గవర్నరు ఆలోచనసభలో సభ్యుడు. 1858లో కంపెనీ పాలన ముగిసి విక్టోరియారాణి ప్రభుత్వము ఏర్పడినపుడు ఆ ప్రకటనను చెన్నపట్టణమున చదివించు భారము ఆయనపై పడెను. మఱుసటి సంవత్సరమున ఆయన ఉత్తర సర్కారులలో పెరుగు మొక్కల పట్టికను ఫ్లోరా ఆంధ్రికా యను పేర వెలువరించెను. అందు మొక్కల శాస్త్రనామములతోపాటు తెలుగుపేర్లును చేర్చెను. మన పొలముగట్లపై నుండు మొక్కలకు మనము పెట్టుకొనిన పేర్లు శాస్త్రగ్రంథమునకు తగినవేయని ఆయన భావించుట మనకు సంతోషకరము. జంతుశాస్త్రమందును ఆయనకు ప్రవేశము కలదు. దక్షిణదేశమున తిరుగు ఉడుతవంటి చిన్న జంతువునొకదానిని శాస్త్రజ్ఞులు ఆయన పేరుతో పిలిచిరి.

1860వ సంవత్సరమున ఉద్యోగము చాలించి ఎలియట్ స్వదేశమునకు పోయి వుల్ఫెలీలో స్థిరపడెను. 1866లో ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదమునొసగెను. 1878లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. కీర్తి వచ్చినది, విశ్రాంతి దొరకినది; కాని ఒక పని మిగిలియుండెను. దక్షిణదేశపు నాణెములను గూర్చి జీవితమంతయు కూర్చిన విషయము ఇంకను పూర్ణరూపమున గ్రంథస్థము కాలేదు.

ఆ పనికి పూనుకొనునప్పటికి ఆయన కన్నులు మందగించెను. నాణెములను పరీక్షించువానికి చూపే మూలధనము. అరిగిన యక్షరమును వెలుతురునకు అటునిటు త్రిప్పి చూడవలెను. చుక్కయో, గీతయో గుర్తింపవలెను. అట్టి చూపు క్రమముగా సన్నగిల్లుచుండగా వృద్ధుడగు ఎలియట్ పని మానలేదు. జ్ఞాపకమునకు తెచ్చుకొనుచు, ఇతరుల సాయము గైకొనుచు, గ్రంథమును పూర్తిచేసెను. దక్షిణ భారతదేశపు నాణెములు అను ఆ గ్రంథము 1886లో లండనున వెలువడెను. అప్పటికి ఆయనకు ఎనుబదిమూడేండ్లు. చూపు దాదాపు పూర్తిగా పోయియుండెను. ముద్రితమైన ఆ పుటలలోని నాణెముల చిత్రములను ఆయన కన్నులు సరిగా చూడజాలకపోయెను.

మఱుసటి యేడు, 1887వ సంవత్సరము మార్చి 1వ తేదీ ఉదయమున, తమిళ వ్యాకరణకర్తయగు పోపు పండితునకు ఆయన ఒక జాబు చెప్పి వ్రాయించి, తన చేతితోనే సంతకము చేసెను. ఆనాడే వుల్ఫెలీలో కన్నుమూసెను. అరువది యాఱేండ్లకు పూర్వము కళాశాలలో బహుమానము తెచ్చిన భాషను గూర్చిన ఆసక్తి తుదిదినము వఱకు ఆయనను వీడలేదు.

ఎలియట్ చూపిన త్రోవన తరువాతివారు చాలదూరము నడచిరి. 1906వ సంవత్సరమున నాసికు ప్రాంతమందలి జోగల్‌తెంబి యనుచోట పదమూడువేలకు పైగా వెండినాణెములు ఒక్కచోట దొరకెను. అవి నహపానుడను రాజు వేయించినవి. వానిలో మూడింట రెండువంతులపై శాతవాహనరాజగు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల గ్రుద్దించెను. శత్రువు నాణెముపై తన ముద్ర వేయించుటకన్న విజయమునకు వేఱు సాక్ష్యమేల? ఆ నాణెములు విడివిడిగా కంసాలుల పాలై యున్నచో ఈ సంగతి తేటపడియుండెడిది కాదు. మన అమరావతియందును వెండి కార్షాపణముల నిధి దొరకెను. పరమేశ్వరీలాల్ గుప్త యను పండితుడు వానిని పరిశీలించి రచించిన గ్రంథమును ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1963లో ప్రకటించెను. పల్నాటిలోనే నాగార్జునకొండయందు 1954 మొదలు 1960 వఱకు జరిగిన త్రవ్వకములలో నాణెములు దొరికిన పొరలను సయితము గుర్తించి వ్రాసియుంచిరి. ఆ లోయ సాగరజలములలో మునిగినను, ఆ వ్రాతలు మునుగలేదు.

ఎలియట్ కాలమున నాగలియు, వానయు నాణెములను వెలికి తెచ్చుచుండెను. ఇప్పుడు లోహశోధక యంత్రము వచ్చినది. దానిని మెటల్ డిటెక్టరు అందురు. పొడవైన కఱ్ఱ చివర తీగచుట్ట యుండును. తీగలో విద్యుత్తు ప్రవహింపగా దాని చుట్టును అయస్కాంతశక్తి వ్యాపించును. ఆ శక్తి భూమిలోని లోహమునకు తగిలినపుడు లోహమునందు చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టి, వాని ప్రభావము తిరిగి తీగచుట్టకు తెలియును, యంత్రము కూతపెట్టును. జానెడు లోతునందలి చిన్న నాణెము సయితము దానికి పట్టుబడును. మేకైనను, నాణెమైనను అది కూయును. క్రింద లోహమున్నదని మాత్రమే అది చెప్పగలదు. ఆ నాణెము ఏ పొరలో, ఏ కుండపెంకు ప్రక్కన, ఏ బూడిద క్రింద నున్నదో అది యెఱుగదు. పురావస్తు శాస్త్రజ్ఞుని చేతిలో ఆ యంత్రము మంచి పనిముట్టు. చీకటివేళ పాడుదిబ్బలపై గునపముతో వచ్చు నిక్షేపాన్వేషకుని చేతిలో అదియే కత్తి. అతడు నాణెమును గైకొని, గుంటను విడిచి పోవును. అమరావతి దిబ్బ నడుమ నాడు మిగిలినదియు గుంటయే.

1878వ సంవత్సరమున ఏర్పడిన నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము భూమిలో దొరికినచో దొరికినవారు కలెక్టరునకు తెలియజేయవలెను. దాచినవారు శిక్షార్హులు. నిజాయితీగా తెలిపినవారికి నష్టము కలుగకుండ ఆ చట్టమే ఏర్పాటు చేసినది: సర్కారు ఆ వస్తువును తీసికొనగోరినచో లోహపు విలువయు, దానిపై అయిదవవంతు అదనమును చెల్లించును. కంసాలి లోహమునకే వెల కట్టును. చట్టము అంతకన్న ఎక్కువ ఇచ్చుచున్నది. రక్షిత స్థలములలో అనుమతి లేక త్రవ్వుట 1958వ సంవత్సరపు చట్టముచే నిషిద్ధము.

బాలలారా! మీ పొలమున, మీ ఊరి దిబ్బపై, ఇంటి పునాది త్రవ్వునపుడు పాతనాణెము కనబడవచ్చును. దానిని రాచి మెఱుగు పెట్టకుడు, పులుసుతో తోమకుడు, అది యున్న కుండను పగులగొట్టకుడు. చోటును గుర్తుపెట్టుకొని, లోతు వ్రాసికొని, మీ ఉపాధ్యాయునకును, తహసీలుదారునకును తెలుపుడు. సీసపు బిళ్లయని చిన్నచూపు చూడకుడు. ఎలియట్ ఎనుబది యేండ్లు పైబడినను, కన్నులు లేకున్నను, మన నాణెములను గూర్చిన గ్రంథమును పూర్తిచేసెను. ఆయన అమరావతిలో వ్రాసియుంచని దానిని ఇక నెవ్వరును వ్రాయజాలరు. కన్నులున్న మనము మన మట్టిలో దొరకినదానిని, దొరకిన చోటితో సహా, కాపాడుకొనుట మన ధర్మము.